ఉద్యోగిని మరల విద్యార్థిని యగుట యేల?

“ఉద్యోగము దొరకినది, పెండ్లియైనది, బిడ్డ పుట్టినాడు. ఇక చదువెందులకు?” అని మా అక్కగారి వియ్యపురాలు మొన్న మే నెలలో మమ్ము నడిగిరి. అక్కగారి కుమార్తె ఇంగ్లండులో నొక ఆసుపత్రియందు రేడియోగ్రాఫరు. ఎక్సురే బొమ్మలు తీయుటలో ఆరేండ్ల యనుభవము గలది. ఇప్పుడు ఎం.ఆర్.ఐ. శాస్త్రమున ఎం.యస్సి. చేయదలచినది. “మీట నొక్కినచో యంత్రమే బొమ్మ తీయును గదా!” యని యత్తగారి వాదము. నిజము చెప్పవలెనన్న, మాకును మొదట నట్లే తోచినది. సెలవులకు వచ్చిన యా పిల్ల వంటింట మా ప్రక్క గూర్చుండి, “అట్లు కాదు పిన్నీ” యని విడమరచి చెప్పిన పిదప మా యభిప్రాయము మారినది.

ఎక్సురే యనగా దేహమును దాటివచ్చిన కిరణముల నీడ. ఎం.ఆర్.ఐ.లో నా కిరణములే లేవు. అందున్నది అయస్కాంతము. మన కావ్యములకిది క్రొత్త కాదు. కుమారసంభవమున శివుని మనస్సు నాకర్షించు నుమాసౌందర్యమునకు కాళిదాసు తెచ్చిన యుపమానమిదియే. కాని యాసుపత్రులలో సాధారణముగా నుండు 1.5 టెస్లాల యయస్కాంతపు బలము భూమికి గల యయస్కాంతబలమునకు సుమారు 30,000 రెట్లు. దేహములోని నీటియందును క్రొవ్వునందును గల హైడ్రోజను కేంద్రకములు దానికి లోబడి, సెకనునకు దాదాపు 6 కోట్ల 40 లక్షల మారులు బొంగరములవలె తూగును. సరిగా నదే వేగము గల రేడియో తరంగమును పంపినచో నవి చలించి, తరంగ మాగిన పిదప యథాస్థితికి వచ్చుచు సంకేతము నిచ్చును. ఆ వచ్చుటకు పట్టు కాలము కండకొక తీరు, క్రొవ్వునకొక తీరు, వాచిన చోటికి మరియొక తీరు. బొమ్మ యంతయు నీ భేదమునుండి పుట్టినదే. ఒకే మెదడును ఒక పద్ధతిని తీసిన నీరు నల్లగను, వేరొక పద్ధతిని తీసిన తెల్లగను కనబడును. ఏ రోగమున కే పద్ధతి, ఎంత సన్నని పొరలు, ఎంతసేపు — ఇవి యెరుగుట మీట నొక్కుట కాదు.

ఇక ఆపద మాట. ఈ యయస్కాంతము దీపమువలె ఆర్పునది కాదు. ద్రవహీలియముచే సున్నకు దిగువ 269 డిగ్రీల చలిలో నుంచిన తీగచుట్టలయందు విద్యుత్తు రేయింబవళ్లు ప్రవహించుచునే యుండును. బొమ్మలు తీయని వేళను బలము తగ్గదు. 2018 జనవరిలో ముంబయి నగరమున, బంధువునకు తోడుగా వచ్చిన యొక యువకుడు ఆక్సిజను సిలిండరుతో నా గదిలోనికి పోయి ప్రాణములు గోల్పోయెను.

సోదరీమణులకు మరింత దగ్గరి సంగతి యొకటి గలదు. బంగారమును అయస్కాంతము లాగదు; కాని రేడియో తరంగములకు లోహము వేడెక్కవచ్చును. నల్లపూసలు ఉక్కుతీగపై గ్రుచ్చినవైనచో లాగుటయు గలదు. జరీ యంచు చీర, తలపిన్నులు, మెట్టెలు, లోహపు పోగులు నేసిన లోదుస్తులు అన్నియు విడువవలసినవే. చేతులు రెండును కలిపి పట్టుకొన్నను, తొడలు తాకియున్నను, అచట చర్మము కాలుట కలదట. అందుచే మధ్య మెత్తలుంచెదరు. మంగళసూత్రము తీయుమనగానే మన యిల్లాండ్రు కంటతడి పెట్టుట సహజము. “తీయవమ్మా, ఆలస్యమగుచున్నది” యని కసరువా రొకరు. కారణము తెలిపి, పసుపుత్రాడు కట్టుకొననిచ్చి, సూత్రములను భర్తచేతి కిప్పించువా రొకరు. కారణము నిండుగ నెరిగినవారికే యట్టి యోర్పుండునని మా నమ్మకము.

ఇంగ్లండులో నీ విద్యను ఉద్యోగము మానకయే యభ్యసింపవచ్చును. 60 క్రెడిట్లకు సర్టిఫికెటు, 120కి డిప్లొమా, 180కి ఎం.యస్సి. పాఠములనేకము ఇంటివద్ద కంప్యూటరుననే వినవచ్చును గాని, ఎం.ఆర్.ఐ. గదిలో పనిచేయు నవకాశము సాధారణముగా నుండి తీరవలెను. మన దేశమునను కొన్ని విశ్వవిద్యాలయములలో ఇమేజింగు టెక్నాలజీ ఎం.యస్సి. గలదు, 2021లో పార్లమెంటు చేసిన చట్టమున ఈ వృత్తికిని స్థానము లభించినది. వయస్సు మించినదని జంకువారికి పీటర్ మాన్స్‌ఫీల్డు కథ చెప్పవలెను. ఆయన 15వ యేట బడి మాని ముద్రణపనిలో కుదిరి, పిదప సాయంకాలపు తరగతులలో చదివి పైకి వచ్చెను. 1978లో తాము నిర్మించిన యంత్రమున తన దేహమునే పరీక్షకొడ్డెను. 2003లో పాల్ లాటర్‌బరుతో గూడి నోబెలు బహుమానము నందెను.

ఇదంతయు మేము చెప్పుచుండ వియ్యపురాలుగారు చాలసేపు పలుకలేదు. వారి యెదలో పేస్‌మేకరున్నది. రెండేండ్ల క్రిందట నడుమునొప్పికి ఎం.ఆర్.ఐ. తీయింపబోగా, ఒకచోట ఆ మాట వినినంతనే వల్లకాదని త్రిప్పి పంపిరి. నాలుగు నెలలు మంచము విడువలేదు. తరువాత వేరొకచోట నొక అమ్మాయి వారి కార్డు తీసి చదివి, అది కొన్ని షరతులతో లోనికి పోదగిన రకమని గ్రహించి, వైద్యులిరువురతో మాటలాడి, పేస్‌మేకరు నమరిక మార్పించి, దగ్గరనుండి బొమ్మ తీసెను.

“ఆ పిల్ల మొగము నాకు నేటికిని జ్ఞాపకమే” యనిరి. మరికొంతసేపటికి, “వారమునకెన్ని గంటల చదువు? పిల్లవాని నెవరు చూచెదరు?” అని యడిగిరి.

సెప్టెంబరులో తరగతులు ప్రారంభము. వియ్యపురాలుగారి వీసా కాగితములు మా వారే నింపుచున్నారు.