మర్రికి ఊడలు... నాచుకు 32 పళ్లు!

మీకు తెలుసా? కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను దాదాపు 5 ఎకరాలు ఆక్రమించి గిన్నిస్ బుక్కెక్కింది. మరి పాత ఇటుక గోడల మీద మొలిచే ఫ్యునేరియా అనే నాచు? దాని ఆకుల మొక్క నిక్కి నిలబడినా మన వేలి గోరంత! ఇవాళ కుస్తీ ఈ ఇద్దరికే.

మర్రి పువ్వును ఎప్పుడైనా చూశారా? చూసుండరు! పూలన్నీ పండులాంటి గుండ్రటి గదిలోనే దాక్కుంటాయి. ఉన్నది ఒక్కటే సన్నటి కంత. అందులో దూరే చిట్టి కందిరీగకు రెక్కలు ఊడిపోతాయి. గుమ్మంలోనే పట్టుచీర చిరిగినా పేరంటం మానని ఇల్లాలన్నమాట!

నాచుకు అసలు పూలే లేవు. మరి పెళ్లి? వాన పడాలి! మగకణాలు రెండేసి తోకలు ఆడిస్తూ నీటి పొరలో ఈదుకెళ్తాయి. ఇక్కడ ముహూర్తం పెట్టేది పంతులుగారు కాదు, మబ్బు.

మీకు తెలుసా? కోల్‌కతా పక్కన శిబ్‌పూర్ తోటలోని మహా మర్రికి మొదలే లేదు! తెగులు పట్టిందని 1925లో తీసేశారు. చెట్టును ఊడలే మోస్తున్నాయి. తాత పోయినా ఉమ్మడి కాపురం చెక్కుచెదరలేదు.

నాచుకైతే వేళ్లే లేవు. పట్టుకోవడానికి నూలుపోగుల్లాంటి తంతువులు, అంతే.

మర్రాకులతో విస్తరి కుట్టొచ్చు. ఫ్యునేరియా ఆకు మందం మాత్రం, నడిమి ఈనె వదిలేస్తే, ఒకే ఒక్క కణం. చీమకు కూడా వడ్డించలేం!

చిన్నదని చులకన చేయకండి. నాచు వంశానికి 30 కోట్ల ఏళ్లు దాటాయి. పూల మొక్కల శిలాజాలు సుమారు 13 కోట్ల ఏళ్ల దగ్గరే ఆగిపోతాయి. మర్రి తాతయ్యా, మీరింకా పసివారే!

అడవి తగలబడిందా? ఆ బూడిద నేలలో ముందుగా పచ్చజెండా ఎగరేసేవాళ్లలో ఫ్యునేరియా ఒకటి. ఇల్లు కాలిన చోట గృహప్రవేశం!

ఇక పళ్ల సంగతి. నాచు కాడ చివర ఉండే చిట్టి గుళిక మూతికి బయటి వరసలో 16, లోపలి వరసలో 16 పళ్లు. లెక్కేసుకోండి, మనతో సమానం! కొరకడానికి కాదు లెండి, విత్తనాల్లాంటి పొడిని కొంచెం కొంచెంగా చల్లడానికి.

మీకు తెలుసా? ఫ్యునేరియా అన్న పేరుకు మూలం లాటిన్‌లో ‘తాడు’. కాడ ఎండితే తాడులా మెలిపడుతుంది, తడి తగిలితే విప్పుకుంటుంది. నమ్మకం లేదా? ఈసారి గోడమీద ఎండిన కాడ కనబడితే నోటి ఆవిరి ఊదండి. గుళిక గిర్రున తిరుగుతుంది!