నడుము నొప్పి – డిస్కు జబ్బు: సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

గొంతుకూర్చుని పాలు పిండడం, గడ్డిమోపులు మోయడం, పేడ ఎత్తడం, క్యాన్లు బండికెక్కించడం – పాడి పనిలో ప్రతిదీ నడుము మీద పడే పనే. 40 లీటర్ల క్యాను నిండితే పాలే 41 కిలోలు తూగుతాయి. క్యాను బరువు దీనికి అదనం. అందువలన మన సంఘాల సభ్యులలో నడుము నొప్పి సర్వసాధారణం. డిస్కు జారిందనగానే ఆపరేషన్ తప్పదేమోనని భయపడి పాడిగేదెను అమ్ముకొనేవారు కొందరు. కాలు చచ్చుబడుతున్నా పసరుమందులతో కాలం గడిపేవారు మరికొందరు. రెండు విధాలా నష్టమే.

డిస్కు అంటే ఏమిటి?

వెన్నెముకలో పూసకూ పూసకూ మధ్య దిండు వంటి భాగమే డిస్కు. ఇవి మొత్తం 23. అంచున గట్టి నారపొరలు, లోపల జిగురు వంటి గుజ్జు ఉంటాయి. వయస్సు మీరినకొద్దీ గుజ్జులో నీరు తగ్గి, అంచు బీటలు వారుతుంది. అప్పుడు వంగి బరువెత్తితే గుజ్జు బయటకు పొడుచుకువచ్చి నరాన్ని ఒత్తవచ్చు. అంతేగాని డిస్కు చోటు విడిచి జారిపోదు. నడుము అడుగున ఉన్న రెండు డిస్కులలోనే ఇది ఎక్కువ. అక్కడి నరాలు కాలిలోకి పోతాయి గనుక నొప్పి పిరుదు నుండి పాదం వరకు లాగుతుంది, తిమ్మిరెక్కుతుంది. దీనినే సయాటికా అంటారు.

చికిత్స

చాలామందికి 6 నుండి 12 వారాలలో ఆపరేషన్ లేకుండానే నొప్పి తగ్గుతుంది. పొడుచుకువచ్చిన గుజ్జును శరీరమే క్రమంగా కరిగించుకొంటుంది. ఒకటి రెండు రోజులకు మించి మంచం పట్టరాదు, ఓర్చుకోగలిగినంత నడవాలి. నొప్పి బిళ్ళలు వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడాలి. ఎక్కువకాలం మింగితే కడుపుకు, మూత్రపిండాలకు చేటు. నొప్పి తగ్గుముఖం పట్టాక ఫిజియోథెరపీ వ్యాయామాలు మేలు చేస్తాయి. వెన్నులో ఇచ్చే ఇంజక్షన్ వలన కొంతకాలం ఉపశమనం కలుగవచ్చు. ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత నడుము తన్నించుకోవడం మాత్రం ప్రమాదం.

ఎక్స్‌రేలో డిస్కు కనిపించదు, ఎం.ఆర్.ఐ.లో కనిపిస్తుంది. అయితే 50 ఏళ్ళు దాటినవారిలో ఏ నొప్పీ లేకున్నా ఎం.ఆర్.ఐ.లో డిస్కు ఉబ్బు కనిపించడం మామూలే. కనుక ఫోటో ఒక్కటే చూసి ఆపరేషన్‌కు ఒప్పుకోరాదు. వారాలు గడిచినా కాలినొప్పి తగ్గక, ఫోటోలో కనిపించిన నరమూ నొప్పి ఉన్న చోటూ సరిపోలినప్పుడే ఆ ఆలోచన చేయాలి. నెదర్లాండ్స్‌లో జరిపి 2007లో ప్రకటించిన పరిశీలనలో, ముందుగా ఆపరేషన్ చేయించుకొన్నవారికి నొప్పి త్వరగా తగ్గింది. కాని ఏడాది తిరిగేసరికి, వేచి చూసినవారి స్థితి కూడా దాదాపు అంతే. వేచి చూసినవారిలో కొందరికి తరువాత ఆపరేషన్ అవసరమైన మాట కూడా నిజమే.

ఆలస్యం చేయరాని లక్షణాలు

1. మూత్రం బిగబట్టడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ లేకపోవడం. అదే రోజు పెద్దాసుపత్రికి చేరాలి. ఆలస్యమైతే నష్టం శాశ్వతం కావచ్చు.

2. పాదం పైకి లేవకపోవడం, నడుస్తుంటే చెప్పు జారిపోవడం.

3. నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం. ఇది వెన్ను క్షయ కావచ్చు. చూడి పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా వ్యాధి మనిషికి సోకినా జ్వరం, నడుము నొప్పి వస్తాయి. పశువులతో పని చేస్తామని, మాయ తీశామని, పచ్చిపాలు తాగామని వైద్యునికి తప్పక చెప్పాలి.

సంఘం చేయగల పని

నిండు క్యాను ఒక్కరే ఎత్తరాదు, ఇద్దరు పట్టాలి. నడుము వంచక మోకాళ్ళు వంచి, క్యానును ఒంటికి దగ్గరగా పట్టుకొని లేవాలి. బరువు చేతిలో ఉండగా నడుము తిప్పరాదు, పాదాలు తిప్పాలి. పాలు పిండేటప్పుడు చిన్న పీట వేసుకోవాలి. పాల కేంద్రం ముందు బండి ఎత్తుకు సరిపోయే గట్టు కట్టిస్తే క్యాన్లు ఎత్తే పనే ఉండదు, దొర్లించితే చాలు. ఒక ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే ఇది చాలా స్వల్పం. ప్రతి సంఘం ఈ విషయాన్ని వచ్చే పాలకవర్గ సమావేశంలో చర్చకు పెట్టవలసిందిగా కోరుచున్నాము.