‘హ్యాకర్’ అనే మాటను మనకిచ్చిన బొమ్మ రైళ్ళ క్లబ్బు: బల్ల పోయింది, క్లబ్బు ఎలా మిగిలింది?

ఈ ఎపిసోడ్ చూస్తున్నవాళ్ళలో ఇంజినీరింగ్ స్టూడెంట్స్ చాలామందే ఉంటారని నాకు తెలుసు. ఒక్క హ్యాకథాన్‌కైనా వెళ్ళి, రాత్రంతా మేలుకుని, తెల్లారి చల్లారిపోయిన సమోసా తిన్నవాళ్ళు కూడా ఉంటారు. మరి ఆ హ్యాకథాన్‌లో ‘హ్యాక్’ ఎక్కడి నుంచి వచ్చింది? పాస్‌వర్డులు కొట్టేసేవాళ్ళ నుంచి అనుకుంటే పొరపాటే. ఆ మాట కంప్యూటర్లలోకి వచ్చింది బొమ్మ రైళ్ళు నడుపుకునే ఒక స్టూడెంట్ క్లబ్బు నుంచి.

అమెరికాలో ఎంఐటీ తెలుసు కదా. అక్కడ 1946లో మొదలైంది టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్. చాలా ఏళ్ళు దాని ఇల్లు బిల్డింగ్ 20. రెండో ప్రపంచ యుద్ధం టైంలో, 1943లో, రాడార్ రీసెర్చ్ కోసం చెక్కతో హడావిడిగా కట్టిన షెడ్డు లాంటిది. యుద్ధం అయిపోగానే పడగొట్టేద్దాం అనుకున్నారు. కానీ 1998 దాకా నిలబడింది. తాత్కాలికం అని కట్టినవే ఎక్కువకాలం ఉంటాయి, మన దగ్గర కూడా చూస్తూనే ఉంటాం.

ఆ బిల్డింగులో ఒక పెద్ద గది, గదినిండా ఒక లేఅవుట్. లేఅవుట్ అంటే ప్లాట్లు అమ్మే వెంచర్ కాదండోయ్! పెద్ద చెక్క బల్ల మీద కొండలు, ఊళ్ళు, వంతెనలు, వాటి మధ్య పట్టాలు. అంతా అసలు సైజులో 87వ వంతు. దీన్నే హెచ్‌ఓ స్కేల్ అంటారు. ఈ స్కేల్లో మన రైలు పెట్టె ఒకటి మూర కంటే చిన్నగా ఉంటుంది.

క్లబ్బులో రెండు రకాల మనుషులు. కొందరికి బల్ల పైన పని ఇష్టం: రంగులు వేయడం, చిన్న చిన్న ఇళ్ళు కట్టడం, అసలు రైళ్ళ చరిత్ర చదవడం. ఇంకొందరు ఎప్పుడూ బల్ల కిందే, వైర్ల మధ్య. వీళ్ళది సిగ్నల్స్ అండ్ పవర్ సబ్‌కమిటీ. మన కథంతా ఈ కిందివాళ్ళదే.

ఒక్క నిమిషం ఆగి, బల్ల కింద ఏముందో చూద్దాం. నాకు ఈ భాగమే చాలా ఇష్టం. ఆ రోజుల్లో బొమ్మ ఇంజనుకి కరెంటు పట్టాల్లోంచే వచ్చేది. ఒకే పట్టా మీద రెండు రైళ్ళు పెడితే రెండూ కలిసే కదులుతాయి, కలిసే ఆగుతాయి. మరి ఐదుగురు డ్రైవర్లు ఐదు రైళ్ళు వేరువేరుగా నడపాలంటే? పట్టాలను ముక్కలుగా కోసి, మధ్యలో కరెంటు పోకుండా చేయాలి. ఒక్కో ముక్కని బ్లాక్ అంటారు. రైలు ఈ బ్లాక్‌లోంచి ఆ బ్లాక్‌లోకి వెళ్ళగానే, ఆ డ్రైవర్ చేతిలో ఉన్న కంట్రోలు కూడా దాని వెంటే వెళ్ళి కొత్త బ్లాక్‌కి కనెక్ట్ అవ్వాలి.

ఇలాంటి పని మనకు ఇంకెక్కడ కనిపిస్తుంది? టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో! నువ్వు నంబర్ తిప్పుతావు, నీ లైను ఇంకొకరి లైనుకి కలుస్తుంది. సో, వీళ్ళు చేసింది అదే. ఫోన్ కంపెనీ కాలేజీలకిచ్చే సామాన్లలోంచి రిలేలు, క్రాస్‌బార్ స్విచ్‌లు సంపాదించి బల్ల కింద బిగించారు. ఏ బ్లాక్ కావాలో ఫోన్ డయల్ తిప్పి ఎంచుకునేవాళ్ళు. మన పెద్ద జంక్షన్లలో కూడా సిగ్నళ్ళు చాలా ఏళ్ళు రిలేలతోనే నడిచాయి, టకటకమనే ఆ చప్పుడు రైల్వేలో పనిచేసిన పెద్దవాళ్ళకి బాగా తెలుసు.

ఇందులో ఒక చమత్కారం కూడా ఉంది. గదిలో అక్కడక్కడా ఎమర్జెన్సీ స్విచ్‌లు ఉండేవి. రైలు దేన్నైనా గుద్దబోతుంటే దాని మీద ఒక్కటి కొట్టాలి. అంతే, కంట్రోలు బోర్డు మీది గడియారం ఆగి, టైం బదులు ‘ఫూ’ అని కనిపించేది. కోడింగ్ పాఠాల్లో ఫూ, బార్ అని పేర్లు పెడతారు చూడండి, ఆ ఫూ ప్రోగ్రామర్లలో అంతగా పాకడానికి ఈ క్లబ్బు కూడా ఒక కారణం. 1959లో పీటర్ సామ్సన్ అనే మెంబరు క్లబ్బులో వాడే మాటలతో ఒక డిక్షనరీ రాశాడు. హ్యాక్ అనే మాట అందులో ఉంది. ఇదే కుర్రాళ్ళు రాత్రుళ్ళు టీఎక్స్-0 అనే కంప్యూటర్ చుట్టూ, తర్వాత 1961లో వచ్చిన పీడీపీ-1 చుట్టూ చేరారు. 1962లో స్పేస్‌వార్ గేమ్ తయారైనప్పుడు దాని కంట్రోలు పెట్టెలకి స్విచ్‌లు ఈ క్లబ్బు గదిలోంచే వెళ్ళాయి. స్టీవెన్ లెవీ 1984లో రాసిన ‘హ్యాకర్స్’ పుస్తకం మొదటి అధ్యాయమే ఈ క్లబ్బు గురించి.

ఇంత చరిత్ర ఉన్న బల్ల. 90ల చివర్లో బిల్డింగ్ 20ని కూల్చాలని నిర్ణయించారు.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. నేను కాలేజీలో ఉన్నప్పుడు మాకో చిన్న రోబోటిక్స్ క్లబ్బు ఉండేది. స్టోర్‌రూంలో ఒక మూల మాది. ఏదో ఇన్‌స్పెక్షన్ వస్తోందని సున్నాలు వేయించారు. సెలవుల తర్వాత వచ్చి చూస్తే మేము ఏడాదిన్నర కట్టిన ట్రాక్ పాత సామాన్ల బండి ఎక్కేసింది. మోటార్లు మళ్ళీ కొనుక్కున్నాం. కానీ ఏ వైరు ఎక్కడికి పోతుందో మా సీనియర్ ఒక్కడికే తెలుసు, ఆయన అప్పటికే బెంగళూరులో ఉద్యోగంలో చేరిపోయాడు. ఫోన్ చేస్తే ‘గుర్తులేదురా’ అన్నాడు. అందుకే బిల్డింగ్ 20 సంగతి చదివినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది.

‘జరిపి వేరే గదిలో పెట్టొచ్చు కదా’ అని మీరు అడగొచ్చు. అది మంచం కాదు కదా, ఎత్తి జరపడానికి. ఇలాంటి బల్లని గదిలోనే, గోడల కొలతకి కడతారు. కొండలు ప్లాస్టర్, కోస్తే పొడైపోతాయి. కింద వేల వైర్లు ఒక చివర నుంచి ఇంకో చివరకి పాకి ఉంటాయి. తలుపులోంచి పట్టాలంటే అన్నీ తెంచాలి, తెంచాక కలపాలంటే ఏది దేనిదో తెలియాలి. క్లబ్బుకి అప్పట్లో ఎంఐటీ మ్యూజియం ఉన్న ఎన్52 బిల్డింగులో కొత్త చోటు దొరికింది. కానీ పాత లేఅవుట్‌లో చాలా భాగం కదల్చడానికి వీల్లేక నాశనమైంది.

బల్లలు పోవడం కొత్త కాదు. కాలిఫోర్నియాలో జాన్ అలెన్ అనే ఆయన తన ఇంట్లో కట్టిన లేఅవుట్ ఈ హాబీలో ఒక తాజ్‌మహల్ లాంటిది. 1973 జనవరిలో ఆయన చనిపోయాడు, కొద్ది రోజులకే ఇంట్లో అగ్నిప్రమాదం, లేఅవుట్ దాదాపు మొత్తం కాలిపోయింది. మిగిలినవి ముఖ్యంగా ఆయన తీసిన ఫోటోలే. ఇంగ్లండ్‌లో దీనికి ఎదురు కథ ఉంది. జాన్ ఆహెర్న్ కట్టిన మ్యాడర్ వ్యాలీ లేఅవుట్‌ని పెండన్ మ్యూజియం తీసుకుని భద్రంగా ఉంచింది. కాపాడటం సాధ్యమే. కాకపోతే తీసుకునేవాళ్ళు ముందే సిద్ధంగా ఉండాలి.

ఎంఐటీ వాళ్ళు బల్లని కాపాడుకోలేకపోయారు. మరి క్లబ్బు ఎలా మిగిలింది? లెవీ పుస్తకంలో ఒక పద్ధతి కనిపిస్తుంది. కొత్తగా చేరినవాడు లేఅవుట్ మీద 40 గంటలు పనిచేస్తే గది తాళంచెవి చేతికిస్తారు. ఫీజు కట్టినందుకు కాదు, పనిచేసినందుకు. ఆ 40 గంటల్లో వాడు సీనియర్ పక్కన కూర్చుని సోల్డరింగ్ చేస్తాడు, ఏ రిలే ఏం చేస్తుందో అడుగుతాడు. అంటే వైరింగ్ ఒక్కడి తలలో ఉండిపోదు. మా క్లబ్బులో లేనిది ఇదే.

ఎన్52లో కొత్త లేఅవుట్ వెంటనే మొదలుపెట్టారు. రిలేలకి బదులు సుమారు 40 మైక్రోకంట్రోలర్లు, వాటి పైన ఒక లినక్స్ కంప్యూటర్ వచ్చాయి. ‘పాతది పోతే పోయింది, కొత్తది ఇంకా స్మార్ట్‌గా ఉంది కదా’ అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. డయల్ తిప్పితే రైలు కదిలే ఆ సిస్టంని చేత్తో ముట్టుకునే అవకాశం మన తరానికి పోయింది, అది నష్టమే.

మీ కాలేజీలో ఇలాంటి క్లబ్బు ఏదైనా ఉంటే ఈ వారమే ఒక పని చేయండి. ప్రతి వైరుకి రెండు చివర్లా లేబుల్ అంటించండి. తర్వాత ఫోన్ తీసి, బల్ల కింద దూరి, సీనియర్ చేత ఒక్కో వైరు చూపిస్తూ మాట్లాడించి వీడియో తీయండి. కొత్తగా కట్టేదైతే ఒకే పెద్ద బల్లగా వద్దు. తలుపులో పట్టే ముక్కలుగా కట్టి బోల్టులతో కలపండి, మాడ్యూల్ అనేది దీన్నే.

ఆ కొత్త లేఅవుట్ మీద ఒక బొమ్మ బిల్డింగ్ కట్టారు. ఎంఐటీలోని గ్రీన్ బిల్డింగ్‌కి నకలు. దాని కిటికీల్లో లైట్లు పెట్టి టెట్రిస్ ఆడేలా చేశారు, క్లబ్బులో ఎవరూ లేకపోయినా దారిన పోయేవాళ్ళు ఆడుకోగలిగేవాళ్ళు. 2012 ఏప్రిల్లో ఒక రాత్రి అసలు గ్రీన్ బిల్డింగ్ మీదే, 153 కిటికీలు రంగురంగులుగా వెలుగుతుంటే, స్టూడెంట్స్ కింద నిలబడి టెట్రిస్ ఆడారు.