ఎనిమిది మిల్లీమీటర్ల గడిలో గని డంపర్

భూమి పైపొరలను తొలగించి బొగ్గునో, ఇనుప ఖనిజాన్నో తవ్వితీసే ఓపెన్‌కాస్ట్ గనులలో, షావెల్ పోసిన రాతిని గని అడుగు నుంచి గట్టు మీదికి మోసుకువచ్చి వెనుకకు ఒంపే వాహనాన్ని సింగరేణి ప్రాంతంలో అందరూ డంపర్ అనే అంటారు. టిప్పర్ లారీతో దీనికున్న పోలిక పైకి కనిపించే ఆకారం వరకే. టిప్పర్ రహదారి మీద, ఇరుసు బరువుకు చట్టం విధించిన పరిమితులకు లోబడి నడవాలి. భారీ డంపర్ గని లోపలి దారులు దాటి బయటకు రాదు, రావలసి వస్తే భాగాలుగా విప్పి ట్రైలర్ల మీద తరలించాలి. రహదారితో పని లేకపోవడం వల్లనే దాని వెడల్పుకు, బరువుకు అడ్డు లేకుండా పోయింది. అటువంటి యంత్రాన్ని మోటార్లతో నడిచే ప్లాస్టిక్ ఇటుకల నమూనాగా కట్టడం పిల్లల ఆటగా మొదలై, నేడు పెద్దలు, ఇంజనీర్లు కూడా తీరిక వేళల్లో పూనుకొనే పనిగా మారింది. నమూనా అంటే అసలు యంత్రాన్ని కుదించినదేనని సాధారణంగా భావిస్తారు గాని, ఆకారం కుదించినంత సులభంగా బలాలు కుదించుకుపోవు. అసలు డంపర్‌ను పీడించిన చిక్కులలో కొన్ని నమూనాలో మాయమవుతాయి, అసలు దానిలో లేని చిక్కులు కొన్ని కొత్తగా తలెత్తుతాయి.

డంపర్ వంశచరిత్ర మరీ పాతది కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన యూక్లిడ్ సంస్థ 1934లో పది పదకొండు టన్నుల రాతిని మోయగల ట్రక్కును, రహదారి కోసం కాక తవ్వకాల కోసమే రూపొందించింది. 1957లో రాల్ఫ్ క్రెస్ రూపకల్పనలో వచ్చిన హాల్‌ప్యాక్ ట్రక్కు నేటి డంపర్ ముఖకవళికలను నిర్ణయించింది. డ్రైవర్ గది ఒక పక్కకు జరిగి ఉండడం, తొట్టి అడుగు ఆంగ్ల అక్షరం వి ఆకారంలో లోపలికి వంగి బరువును కిందికి దించడం, ఉక్కు కమానుకట్టలకు బదులు నూనె, వాయువు నింపిన స్తంభాలు కుదుపును భరించడం దానితోనే స్థిరపడ్డాయి. 1963లో యూనిట్ రిగ్ సంస్థ తెచ్చిన లెక్ట్రా హాల్ ఎం-85 మరో మలుపు. అందులో డీజిల్ ఇంజను చక్రాలను నేరుగా తిప్పదు; అది జనరేటర్‌ను తిప్పితే, పుట్టిన విద్యుత్తు చక్రాల వద్ద అమర్చిన మోటార్లకు చేరుతుంది. ఈ మార్గంలో గేర్‌బాక్సు, పొడవాటి తిరుగుడు కడ్డీలు అవసరం లేదు. దీనికి భిన్నంగా క్యాటర్‌పిల్లర్ సంస్థ 1998లో తెచ్చిన 797, అంత భారీతనంలోనూ గేర్‌బాక్సు పద్ధతినే నమ్ముకుంది. బెలారస్ దేశంలో 2013లో వెలువడిన బెలాజ్ 75710 విద్యుత్ మార్గానికి పరాకాష్ఠ. రెండు డీజిల్ ఇంజన్లు, ఒక్కొక్కటి 2,300 అశ్వశక్తి, ఎనిమిది టైర్లు, 450 టన్నుల మోత. గేర్‌బాక్సు మార్గమా, విద్యుత్ మోటారు మార్గమా అన్న ఈ వాదమే నమూనా కట్టేవారి బల్ల మీద మళ్ళీ మొదలవుతుంది.

నమూనా వైపు వంశవృక్షం ఇంకొంచెం వెనుకకు పోతుంది. లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో పేటెంటు పొందిన ఆట సామగ్రి, తరువాతి కాలంలో మెకానోగా ప్రసిద్ధికెక్కింది. సమాన దూరంలో, అంటే అర అంగుళానికొకటి చొప్పున రంధ్రాలున్న లోహపు పట్టీలను నట్లు, బోల్టులతో బిగించి యంత్రాలు కట్టవచ్చునని అది చూపింది. డెన్మార్క్‌లోని బిలుండ్ గ్రామంలో వడ్రంగి ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ స్థాపించిన లెగో సంస్థ నట్టును, బోల్టును తొలగించింది. పైన బొడిపెలు, లోపల గొట్టాలు ఉన్న ఇటుకకు ఆయన కుమారుడు గాట్‌ఫ్రెడ్ 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తు చేశాడు. ఒక ఇటుక బొడిపెలు మరో ఇటుక గొట్టాలకు, గోడలకు మధ్య ఒత్తుకొని ఇరుక్కుంటాయి. ఆ పట్టు అంతా ఘర్షణదే. 1963 నుంచి ఇటుకలకు ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ వాడసాగారు. 1977లో, తరువాత టెక్నిక్ అన్న పేరు పొందిన శ్రేణి వచ్చింది. రంధ్రాలున్న దూలాలు, వాటిలో దూరే సీలలు, కూడిక గుర్తు ఆకారపు కోత గల ఇరుసులు, పళ్ళ చక్రాలు ఇందులో ఉంటాయి. టైర్ల సంగతి చిన్న విడ్డూరం. 2011లో ఈ సంస్థ 30 కోట్లకు పైగా టైర్లు తయారు చేసి, సంఖ్య లెక్కన వాహన టైర్ల కంపెనీలన్నిటినీ మించిపోయింది.

ఈ శ్రేణిలో అన్నిటికీ మూలం ఒకే కొలత: పక్కపక్కనున్న రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. పళ్ళ చక్రాలను కూడా ఈ గడికి లొంగేలా తీర్చారు. వీటి పంటి పరిమాణం ఎలా నిర్ణయించారంటే, చక్రానికి ఎన్ని పళ్ళుంటే దాని లెక్క వ్యాసం అన్ని మిల్లీమీటర్లే అవుతుంది. లెక్క వ్యాసం అంటే రెండు చక్రాలు ఒకదానినొకటి తాకుతున్నట్టు ఊహించుకొనే వృత్తపు వ్యాసం. 8 పళ్ళ చక్రాన్ని 24 పళ్ళ చక్రంతో జత చేస్తే కేంద్రాల మధ్య దూరం వాటి మొత్తంలో సగం, అంటే 16 మిల్లీమీటర్లు, సరిగ్గా రెండు గడులు. 8కి 40 జత చేస్తే మూడు గడులు, 24కు 40 జత చేస్తే నాలుగు. చిన్న చక్రం మూడు చుట్లు తిరిగితే పెద్దది ఒక చుట్టు తిరుగుతుంది కనుక వేగం మూడవ వంతుకు తగ్గి, తిప్పుడు బలం, అంటే టార్క్, ఘర్షణలో పోయేది మినహా మూడింతలవుతుంది. అంకగణితం వచ్చిన పదేళ్ళ పిల్లవాడు కాగితం మీద గేర్‌బాక్సు గీయగలగడానికి కారణం ఈ పొందికే. ఆ ఇటుక కంటే కూడా ఈ పొందికనే ఆ సంస్థ చేసిన గొప్ప ఇంజనీరింగ్‌గా లెక్కించాలి.

డంపర్ నమూనా రూపకల్పన తొట్టితోనో, డ్రైవర్ గదితోనో కాదు, టైరుతో మొదలవుతుంది. ఎందుకంటే మిగిలిన భాగాలన్నిటినీ ఇటుకలతో ఏ పరిమాణంలోనైనా కట్టవచ్చు గాని, టైరు మాత్రం అచ్చులో పోసిన కొలతలలోనే దొరుకుతుంది. టెక్నిక్ టైర్లలో 2016లో ఒక ట్రాక్టర్ నమూనాతో వచ్చిన పెద్ద టైరు వ్యాసం 107 మిల్లీమీటర్లు. 797 వంటి డంపర్ టైరు సుమారు 4 మీటర్ల ఎత్తు. రెండింటి నిష్పత్తి దాదాపు 1:37. ఈ ఒక్క అంకె తేలితే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి: 15 మీటర్ల పొడవున్న డంపర్ నమూనాలో 40 సెంటీమీటర్లకు, 20 మీటర్లు దాటిన బెలాజ్ 55 సెంటీమీటర్లకు కుదురుతాయి.

వేగాన్ని కూడా ఇలాగే లెక్కించవచ్చు. 2007లో వచ్చిన పెద్ద మోటారు, దీనిని ఎక్స్‌ఎల్ అంటారు, 9 వోల్టుల వద్ద బరువు లేనప్పుడు నిమిషానికి సుమారు 220 చుట్లు తిరుగుతుంది. 8 పళ్ళ, 24 పళ్ళ జతతో ఆ వేగాన్ని మూడవ వంతుకు తగ్గించి 107 మిల్లీమీటర్ల టైరుకు అందిస్తే నమూనా సెకనుకు 41 సెంటీమీటర్లు, గంటకు ఒకటిన్నర కిలోమీటర్లు నడుస్తుంది. దానిని 37తో హెచ్చిస్తే గంటకు 55 కిలోమీటర్లు. 797 రకాలలో ఒకటైన 797ఎఫ్ గరిష్ఠ వేగం గంటకు 68 కిలోమీటర్ల లోపే కనుక ఒకే ఒక గేర్ల జతతో నమూనా నమ్మదగిన వేగానికి చేరినట్టే. అయితే ఇది నున్నటి నేల మీద, ఖాళీ తొట్టితో పొందే లెక్క. గని దారులు సాధారణంగా పది మీటర్లకు ఒక మీటరు వరకు ఎత్తు పెరిగే వాలులో ఉంటాయి. అటువంటి వాలు మీద 3 కిలోల నమూనా తన బరువును ఎక్కించడానికే దాదాపు 3 న్యూటన్ల బలం కావాలి, దానికి టైర్ల, ఇరుసుల ఘర్షణ అదనం.

వేగం తగ్గించే గేర్లను ఎక్కడ పెట్టాలన్నది ఇక్కడ అసలు ప్రశ్న. మోటారు పక్కనే వేగాన్ని బాగా తగ్గించి, పెరిగిన టార్క్‌ను పొడవాటి ఇరుసు గుండా చక్రం దాకా పంపితే, నైలాన్ జాతి ప్లాస్టిక్‌తో చేసిన ఆ సన్నటి ఇరుసు చక్రం కదలక ముందే మెలి తిరుగుతుంది. విప్పి చూస్తే దాని నాలుగు అంచులు స్క్రూ మర వలె వంకర తిరిగి కనిపిస్తాయి. చాలాసార్లు ఆ మెలిక మళ్ళీ నిటారు కాదు. గేర్లను పట్టి ఉంచిన దూలం ఒక పక్కే బిగించి ఉంటే మరో ముప్పు ఎదురవుతుంది: బరువు పడగానే దూలం వెంట్రుకవాసి ఎడంగా జరుగుతుంది, 8 పళ్ళ చక్రం పెద్ద దాని మీది నుంచి జారుతూ టకటకమని చప్పుడు చేస్తుంది, మోటారు మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంటుంది. ఇరుసును రెండు వైపులా పట్టి, ఆ రెండు దూలాలను అడ్డదూలాలతో పెట్టెలా బిగించడం ఒక విరుగుడు. వేగాన్ని తగ్గించే పనిని చివరి దాకా వాయిదా వేసి, చక్రం వద్దనే ముగించడం అంతకన్నా మేలైన విరుగుడు. అసలు డంపర్ చేసేదీ ఇదే. 797లో గేర్‌బాక్సు దాటి వచ్చిన బలం, చక్రం మధ్యభాగంలో దాగిన గ్రహ గేర్ల వద్ద చివరిసారి హెచ్చుతుంది; గ్రహ గేర్లంటే నడుమ ఒక చక్రం, దాని చుట్టూ తిరిగే మూడు నాలుగు చిన్న చక్రాలు, వాటన్నిటినీ చుట్టి లోపలి వైపు పళ్ళున్న వలయం. ఇటువంటి హబ్‌లు ఇటీవలి టెక్నిక్ భాగాలలో కూడా వచ్చాయి. బెలాజ్ పద్ధతిలో చక్రానికొక మోటారు పెట్టుకుంటే వెనుక ఇరుసుకు డిఫరెన్షియల్ కూడా అక్కరలేదు. డిఫరెన్షియల్ అంటే మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరగనిచ్చే గేర్ల కూర్పు. మోటార్లు రెండైతే ఖర్చు, బరువు పెరిగే మాట నిజమే అయినా, భారీ నమూనాకు ఇదే మంచి మార్గం.

తొట్టిని పైకెత్తడంలో అసలుకు, నమూనాకు దారులు వేరు. అసలు డంపర్‌లో హైడ్రాలిక్ సిలిండర్లు, అంటే పీడనంతో నూనె నింపితే పొడుగు సాగే గొట్టాలు, వందల టన్నుల రాతితో నిండిన తొట్టిని అర నిమిషం లోపు లేపుతాయి. నమూనాలో ఆ పనిని 2008లో వచ్చిన లీనియర్ యాక్చుయేటర్ చేస్తుంది. దానిలో తిరిగే మర కడ్డీ ఒక గొట్టాన్ని సుమారు 4 సెంటీమీటర్లు బయటకు నెడుతుంది. చివరికి చేరిన తరువాత కూడా మోటారు తిరుగుతూ ఉంటే లోపలి క్లచ్ జారి భాగాలను కాపాడుతుంది. మర వాలు తక్కువ కావడం వల్ల తొట్టి బరువు దానిని వెనుకకు తిప్పలేదు, కాబట్టి విద్యుత్తు ఆపినా తొట్టి ఎత్తిన చోటే నిలుస్తుంది. కష్టమంతా తొలి క్షణంలోనే ఉంటుంది. తొట్టి పడుకొని ఉన్నప్పుడు యాక్చుయేటర్ దాదాపు అడ్డంగా ఉండి, తోసే బలంలో చాలా భాగం తొట్టిని లేపడానికి కాక కీలును నెట్టడానికే పోతుంది. యాక్చుయేటర్ అడుగు కొనను వీలైనంత కిందికి దించడమే దీనికి మార్గం.

ఇక బరువు సంగతి. పొడవును 37వ వంతుకు కుదిస్తే ఘనపరిమాణం 37 ఘనంలో ఒక వంతుకు, అంటే సుమారు 50 వేలవ వంతుకు తగ్గుతుంది. గెలీలియో 1638లో వెలువరించిన గ్రంథంలోనే, వస్తువు పెరిగేకొద్దీ దాని బలం కన్నా బరువు త్వరగా పెరుగుతుందని వివరించాడు. పూర్తి బరువుతో సుమారు 624 టన్నులు తూగే 797ఎఫ్ ఈ లెక్కన 12 కిలోలకు పైగా, అందులో 363 టన్నుల రాయి 7 కిలోలకు పైగా తూగాలి. ఉక్కు స్థానంలో ఏబీఎస్ రావడంతో నమూనా వాహనం 3 కిలోలకు మించకపోయినా, తొట్టి కొలత మారదు కనుక అందులో నిజంగా ఇసుక నింపితే 7 కిలోలు పట్టేస్తుంది. అంటే తన బరువుకు రెండింతలకు పైగా మోయవలసి వస్తుంది. అసలు డంపర్ మోసేది తన బరువుకు ఒకటిన్నర రెట్ల లోపే. చిన్నవి సాపేక్షంగా దృఢమైనవన్న గెలీలియో న్యాయం ఇక్కడ నమూనాను కాపాడలేదు. ఏబీఎస్ బిగువు ఉక్కు బిగువులో దాదాపు తొంభయ్యవ వంతు. అంతకుమించి, అసలు ఛాసిస్ వెల్డింగ్‌తో ఒకే ముక్కగా అతికిన ఉక్కు కాగా, నమూనా ఛాసిస్ వందల సీలల కూడిక, ప్రతి సీల వద్దా రవ్వంత సందు ఉంటుంది, ఆ సందులన్నీ కలిసి ఛాసిస్ నడుము కిందికి దిగుతుంది. నమూనాలు ఇసుకకు బదులు గుండ్రటి ప్లాస్టిక్ ముక్కలు పోసుకొని తిరగడానికి కారణం అదే.

నిండు బరువుతో వాలు దిగడం మాత్రం నమూనాకు పెద్ద చిక్కు కాదు గాని, అక్కడ ఒక సూత్రం రెండింటికీ ఉమ్మడిగా పనిచేస్తుంది. విద్యుత్ డంపర్ దిగేటప్పుడు చక్రాలే మోటార్లను తిప్పుతాయి. అప్పుడు మోటార్లు జనరేటర్లుగా మారి, పుట్టిన విద్యుత్తు గాలి ఊదే నిరోధకాలలో వేడిగా పోతుంది. నమూనా మోటారు రెండు తీగలను ఒకదానికొకటి కలిపినా ఇదే జరిగి, అది తన తిరుగుడును తానే అడ్డుకుంటుంది. రిమోట్ మీది ఆపుడు బొత్తాం నొక్కినప్పుడు చక్రాలు జారకుండా చటుక్కున నిలిచేది అందువల్లనే.

ఆ రిమోట్ స్థానంలో ఇటీవలి సెట్లకు బ్లూటూత్‌తో పలికే ఫోన్ వచ్చింది. డ్రైవర్ లేకుండా దూరం నుంచి నడపడం ఆటబొమ్మలకే పరిమితం కాలేదు. ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో రియో టింటో సంస్థ వెస్ట్ ఏంజెలస్ ఇనుప గనిలో, కొమాట్సు తయారీ డంపర్లను డ్రైవర్ లేకుండా నడపడం 2008లోనే మొదలుపెట్టింది. నేడు అక్కడి గనులలో పనిచేసే అటువంటి వాహనాలను 1,500 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెర్త్ నగరంలోని కేంద్రం నుంచి పర్యవేక్షిస్తున్నారు.