మిద్దె మీద షల్గం!

రుటబాగా పేరెప్పుడైనా విన్నారా? క్యాబేజీకీ, షల్గంకీ పుట్టిన దుంప. మూడు నెలల చలి కావాలి దానికి. మన హైదరాబాద్‌లో అంత చలెక్కడిది? అందుకే కవాడిగూడలో మా మిద్దె మీద షల్గమే వేస్తా. 50-60 రోజుల్లో చేతికొస్తుంది.

దసరా దాటాక గింజలు చల్లండి. మా బిల్డింగ్ పాతది, బరువంటే ఓనర్‌కి భయం. "ఒక్క చుక్క కారినా తోట తీసేయాలి" అన్నారు. అందుకే మట్టిలో కోకోపీట్ కలిపి, గ్రో బ్యాగులు పిట్టగోడ వెంటే పెట్టా.

మొలకల్లో సగం పీకేయాలి. మనసొప్పదు కానీ, బెత్తెడు ఎడం లేకపోతే దుంప ఊరదు. పీకినవి పప్పులోకి!

దుంప టెన్నిస్ బంతంత కాకముందే తీసేయండి, ముదిరితే పీచే. మటన్‌తో షల్గం గోష్త్, లేదంటే శనగపప్పు కూర. ఆకులు పారేయకండి. ఆవాల మొక్కకి చుట్టాలే, వెల్లుల్లి వేసి వేపితే అదుర్స్!