పొయ్యి మారింది... పొగ పోయిందా?

రోడ్డు మీద లారీ పొగ వదిలితే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాం. గడప దాటి లోపలికి రాగానే తీసేస్తాం. కానీ కొన్ని ఇళ్లలో లోపలి గాలే బయటి గాలికంటే చెడ్డది! చెరుకు, వరి, బీడీలతో బతుకుతూ వచ్చిన రుద్రూర్, బోధన్ ప్రాంతపు ఇళ్లలోకి ఒక్కసారి తొంగిచూస్తే ఆ సంగతి అర్థమవుతుంది.

నిజామాబాద్ జిల్లాలో రుద్రూర్ పేరు చెబితే రైతులకు చెరుకు, వరి పరిశోధన స్థానం గుర్తొస్తుంది. పక్కనే బోధన్, అక్కడి షక్కర్‌నగర్‌లో నిజాం కాలపు చక్కెర ఫ్యాక్టరీ. 1930ల్లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అది నడిచిన రోజుల్లో ఇక్కడి పొయ్యిలకు కట్టెల కరవు పెద్దగా ఉండేది కాదు. చెరుకు కొట్టాక మిగిలే ఎండాకు పొయ్యి రాజేయడానికి పనికొచ్చేది. మక్కలు ఒలిచాక మిగిలిన కంకులు, పత్తి కట్టె, పిడకలు ఎలాగూ ఉండేవి. డబ్బు పెట్టి కొనక్కర్లేని వంటచెరకు అది. దాని ఖరీదు ఎంతో తర్వాత తేలింది.

వంటింట్లో కొలిచారు!

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పల్లె వంటిళ్ల పొగను శాస్త్రీయంగా కొలిచిన పెద్ద అధ్యయనం ఒకటుంది. అందులో నిజామాబాద్ జిల్లా కూడా ఉంది. వరంగల్, రంగారెడ్డి మిగిలిన రెండు జిల్లాలు. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాల శాస్త్రవేత్త కల్పనా బాలకృష్ణన్, అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కర్క్ స్మిత్ తదితరులు ఈ పని చేశారు. ప్రపంచ బ్యాంకు 2003లో దీన్ని నివేదికగా తెచ్చింది. మూడు జిల్లాల్లో కలిపి 420 ఇళ్లు. ప్రతి ఇంట్లో పరికరం పెట్టి, ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లగల సన్నని ధూళి గాలిలో ఎంత ఉందో చూశారు.

గ్యాస్ వాడే ఇళ్లలో ఘనపు మీటరు గాలికి రోజు సగటు 73 మైక్రోగ్రాములు వచ్చింది. కట్టెలు, పిడకల వంటి ఘన ఇంధనాల ఇళ్లలో అది 732 దాకా వెళ్లింది. అంటే పదింతలు! పీఎం 2.5 అనే సూక్ష్మధూళికి మన దేశం పెట్టుకున్న హద్దు రోజు సగటున 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దయితే 15 మాత్రమే. అప్పుడు కొలిచిన ధూళి రకం, ఈ హద్దులు చెప్పే ధూళి రకం అచ్చంగా ఒకటి కాదు. అయినా తేడా ఎంతుందో తెలుసుకోవడానికి ఈ అంకెలు చాలు.

అందులో మనసును పట్టేసే విషయం ఇంకొకటుంది. ఆడవాళ్లలో ఎక్కువ పొగ పీల్చింది 15 నుంచి 40 ఏళ్ల వయసువారు. ఇందులో ఆశ్చర్యం లేదు, వండేదీ వంటకు సాయం చేసేదీ వాళ్లే. మరి మగవాళ్లలో? 65 నుంచి 80 ఏళ్ల తాతలు! పొలానికి పోయే వయసు దాటింది. మంచం ఇంట్లోనే, పొగా ఇంట్లోనే. పొయ్యి ముట్టని మనిషి ఊపిరితిత్తులకూ పొయ్యి లెక్క తప్పలేదన్నమాట.

గ్యాస్ ఇళ్లలో కూడా ఆ 73 ఎక్కడిదని సందేహం రావచ్చు. మన ఇంట్లో కట్టెలు లేకపోయినా పక్కింట్లో ఉంటాయి కదా. పొగకు ప్రహరీగోడ అడ్డం కాదు.

నీళ్ల పొయ్యి అలాగే ఉంది

అప్పటికీ ఇప్పటికీ పల్లె చాలా మారింది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదింట తొమ్మిది ఇళ్లకు పైగా వంటకు గ్యాసు వంటి శుభ్రమైన ఇంధనమే వాడుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో మహాలక్ష్మి పథకం కింద అర్హులైనవారికి 500 రూపాయలకే సిలిండరు మొదలైంది.

ఇంత జరిగినా పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మాయం కాలేదు. చాయ్, కూర గ్యాస్ మీద. స్నానాల నీళ్లు కట్టెల మీద. చుట్టాలొస్తే పెద్ద గిన్నె బువ్వా అక్కడే. ‘సిలిండర్ దబ్బున అయిపోతది బిడ్డా, నీళ్లకెందుకు గ్యాసు’ అనే అత్తమ్మ మాటలో ఇంటి లెక్క ఉంది, దాన్ని తప్పు పట్టలేం. అయితే నీళ్ల పొయ్యి పడకగది కిటికీ కింద ఉంటే ఆ పొగ నేరుగా లోపలికే వస్తుంది. దాన్ని పెరట్లో దూరంగా, గాలి ఇంటి వైపు వీచని మూలకు జరిపితే పైసా ఖర్చుండదు. పచ్చికట్టె, ప్లాస్టిక్ కవర్లు అందులో వేయకపోతే సగం పీడ వదిలినట్టే. పొయ్యి రాజేయడానికి పాల ప్యాకెట్టు ముట్టించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అన్నిటికంటే ముందు మానాల్సింది అదే.

ఇల్లు మారడం కూడా ఒక చిక్కే. పాత గూనపెంకుల ఇళ్లకు పెంకుల సందుల్లోంచి పొగ బయటికి పోయేది. స్లాబు ఇంటికి ఆ దారి లేదు. పైగా నిజాంసాగర్ ఆయకట్టు వరిమళ్ల మధ్య దోమల భయంతో సాయంత్రం కాగానే కిటికీలు మూసేస్తారు. పొగ తగ్గినా, ఉన్న పొగ పోయే దారి మూసుకుపోయింది.

బాలింత గదిలో ఏముంది?

ఇంట్లో అందరికంటే చిన్న ప్రాణం ఉండే గదిని ఒకసారి లెక్కేయండి. గాలి తగలకూడదని తలుపులు, కిటికీలు మూస్తారు. స్నానం కాగానే నిప్పుల మీద సాంబ్రాణి. చలికాలమైతే మంచం కింద బొగ్గుల కుంపటి. రాత్రికి దోమల కాయిల్. బిడ్డను చుట్టేది ఏడాదిగా బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన దుప్పటి. ఇవన్నీ ప్రేమతో చేసేవే. కానీ నాలుగూ ఒకే గదిలో చేరితే?

కాయిల్ సంగతి తీసుకోండి. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో చైనా, మలేషియా కాయిళ్లను పరీక్షించారు. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినదానికి సమానమని తేలింది. దోమను చంపే మందు కాయిల్‌లో పిసరంతే ఉంటుంది. మిగిలిందంతా రంపపు పొట్టు, జిగురు వంటి కాలే సరుకు. ఆ సరుకే పొగ.

దోమను వదిలేయమని కాదు. డెంగీ, మలేరియా తక్కువ ప్రమాదాలేం కావు. తల్లీబిడ్డలకు దోమతెర కడితే పొగా ఉండదు, దోమా ఉండదు. కిటికీలకు జాలీ కొట్టించుకుంటే ఇల్లంతా తెరిచి పెట్టుకోవచ్చు. ఇక కిరాణా కొట్టులో దొరికే దోమల అగరబత్తులు కొనేముందు ప్యాకెట్టు తిప్పి చూడండి. మన దేశంలో క్రిమిసంహారకాలకు కేంద్ర సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు లేని ప్యాకెట్టులో ఏ మందు కలిపారో ఎవరికీ తెలియదు.

కుంపటి మరీ ప్రమాదం. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. పొగ కనిపించడం లేదు కదా అని ఊరుకుంటారు. తలనొప్పి, మగత, ఆ తర్వాత స్పృహ తప్పడం... నిద్రలో ఉన్నవాళ్లకు ఆ హెచ్చరికలు కూడా తెలియవు. కుంపటి పెట్టి పడుకోకూడదు, అంతే.

కలరా ఉండలు, ఇక్కడి మాటలో డాంబర్ గోలీలు, మనకు మామూలు వస్తువే. వాటిలోని నాఫ్తలీన్ మెల్లగా ఆవిరై గుడ్డలకు పడుతుంది. పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో అది ఎర్ర రక్తకణాలను చిదిపేస్తుంది. పసిబిడ్డకు కామెర్లు ముదురుతాయి. లోపం ఉన్నదీ లేనిదీ చూస్తే తెలియదు. కాబట్టి బిడ్డ బట్టల దగ్గరికి ఆ గోలీలు రానివ్వకపోవడమే మేలు. పాత దుప్పటిని ఉతికి, రెండు రోజులు ఎండలో వేసి వాడుకోవాలి. ఎండిన వేపాకు మూట పెట్టుకుంటే గోలీలతో పనే ఉండదు.

చాట ఒళ్లో... తంబాకు ఊపిరిలో

ఇది నిజామాబాద్ జిల్లాను పట్టిన మరో సమస్య. ఇక్కడ వేల ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఫ్యాక్టరీ అంటే ఎక్కడో ఉండదు, ముందుగదే ఫ్యాక్టరీ. ఒళ్లో చాట, అందులో తంబాకు పొడి, పక్కన తడిపిన తునికాకు. పగలు కూర్చున్న చోటే రాత్రి పిల్లల పక్కలు. తంబాకు సంచి, ఆకు కట్టలు అదే గది మూలన.

బీడీ తాగనివాళ్లకు ఏమవుతుందని అనుకుంటాం. పొడిలోని నికోటిన్ చేతి చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. బీడీ కార్మికుల మూత్రంలో దాని ఆనవాళ్లు మన దేశపు పరిశోధకులకే దొరికాయి. దగ్గు, ఆయాసం, కళ్ల మంట, తలతిరుగుడు చుట్టేవాళ్లకు తెలిసినవే.

మానేయమని చెప్పడం తేలిక. రోజు కూలీ, పీఎఫ్ కార్డు, దాని మీద ఆధారపడ్డ పింఛను... ఇన్ని ముడిపడి ఉన్న పని అది. కానీ పడకగదిలో కాకుండా వాకిట్లోనో అరుగు మీదో కూర్చోవచ్చు. తంబాకు సంచి మూతి బిగించి ఇంటి బయటి అరలో పెట్టొచ్చు. చీపురుతో ఊడిస్తే పొడి గాలిలోకి లేస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే లేవదు. అన్నం తినేముందు, పిల్లాడిని ఎత్తుకునేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పాలిచ్చే తల్లికి ఇది మరీ ముఖ్యం.

బియ్యం బస్తాలో గోళీ

బాత్‌రూమ్ కడిగే ఆసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను కలిపితే క్లోరిన్ వాయువు వస్తుందని, రెండూ కలిపితే ‘బాగా తెల్లగా అవుతుంది’ అనుకోవడం పొరపాటని చాలామందికి ఇప్పటికే తెలుసు. పొలం మందుల డబ్బాలు మంచం కింద పెట్టకూడదని, మందు కొట్టిన బట్టలు ఇంటిల్లిపాది బట్టలతో కలిపి ఉతకకూడదని కూడా తెలుసు. తెలిసీ చేయనిది వేరే సంగతి.

తెలియక చేసేది ఒకటుంది. వరి పండే ఊళ్లో ఏడాది బియ్యం ఇంట్లోనే ఉంటాయి. పురుగు పడుతుంది. మందుల దుకాణంలో అడిగితే సెల్ఫాస్ గోళీలు చేతికొస్తాయి. అల్యూమినియం ఫాస్ఫైడ్ అనే ఆ మందును ప్రభుత్వ నిపుణులో, అనుమతి ఉన్న పురుగు నివారణ సంస్థలో మాత్రమే వాడాలని నిబంధన. 10, 20 గోళీల ట్యూబు ప్యాకింగును నిషేధించారు కూడా. కారణం ఉంది. గాలిలోని తేమ తగలగానే అది ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. ఆ వాయువు గాలికంటే కాస్త బరువు. నేల మీద పక్కలేసుకుని పడుకున్నవాళ్లకే ముందు తగులుతుంది. గోదాముల కోసం తయారైన మందు అది, పడకగది పక్కనుండే బియ్యం డ్రమ్ము కోసం కాదు.

బియ్యాన్ని బాగా ఎండబెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో వేపాకు వేసి పెట్టుకుంటే ఇంటి అవసరానికి చాలు. పప్పులకు కాస్త ఆముదం పట్టిస్తారు మన పెద్దవాళ్లు, అదీ పనికొస్తుంది. ఇప్పటికే ఎవరైనా గోళీలు వేసిన గదిలో వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేప వాసనో వచ్చి, ఇంట్లోవాళ్లకు కడుపులో తిప్పడం, వాంతులు, ఊపిరాడకపోవడం మొదలైతే గోళీ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. అందరూ వెంటనే బయటికి రావాలి, 108కు ఫోన్ చేయాలి, గదిలో ఏ మందు పెట్టారో డాక్టరుకు పేరు చెప్పాలి.