మీకు తెలుసా? ఇసుకరేణువంత జిర్కాన్‌లో 160 కోట్ల ఏళ్ల లెక్క

సత్తుపల్లిలో సింగరేణి తవ్వుతున్న బొగ్గు వయసు పాతిక కోట్ల ఏళ్ల పైమాటే. తూర్పు కనుమల రాళ్ల ముందు అది నిన్నమొన్నటిదే! కొండపల్లి, ఒంగోలు వైపు రాళ్లు సుమారు 160 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో విపరీతమైన వేడికి రూపు మార్చుకున్నాయి.

ఇంత పాత రాళ్ల దగ్గర కార్బన్ డేటింగ్ పనికిరాదు. 50 వేల ఏళ్లు దాటితే అది చేతులెత్తేస్తుంది. ఇక్కడ ఆదుకునేది జిర్కాన్ అనే మొండి ఖనిజం. స్ఫటికంగా ఏర్పడేటప్పుడు అది యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి ఇప్పుడు అందులో కనిపించే సీసమంతా ఇంచుమించుగా యురేనియం క్షీణించగా వచ్చిందే. యురేనియం-238లో సగం సీసంగా మారడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. యురేనియం-235కి 70 కోట్లు చాలు. ఈ రెండు లెక్కలూ ఒకే వయసు చూపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

రాయి మళ్లీ కాలితే జిర్కాన్ చుట్టూ ఉల్లిపొరలా కొత్త పొర పెరుగుతుంది. అయాన్ల పుంజంతో పొరపొరనూ విడిగా పరీక్షిస్తే ఒకే రేణువులో రెండు మూడు వయసులు దొరుకుతాయి. అసలు చరిత్ర అక్కడే ఉంది.

గోదావరికి ఉత్తరాన, విశాఖ వైపు కొండల్లో ప్రధానంగా కనిపించేది 95-100 కోట్ల ఏళ్ల వయసు. అంటార్కిటికాలోని రేనర్ శిలలదీ అదే! ఆ రెండూ ఒకప్పుడు ఒకే పర్వతశ్రేణి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట భారత్ అంటార్కిటికా నుంచి విడిపోయింది.